తెల్లకణాలూ, డొల్ల సప్పుడూ

మందమర్రిల బస్సెక్కినప్పటి సంది ఫోన్‌ల నా రక్తం రిపోర్టే చూస్తున్న. తెల్లకణాలు ఉండాల్సినదానికన్న ఎక్కువున్నయని గుర్తు పెట్టిండ్రు. అదే ఫోన్‌ల వెతికితే క్యాన్సర్ కావచ్చని వచ్చింది. నా మొఖం చూసి, పక్క సీట్ల ముసలాయన ఏందని అడిగిండు. చెప్పిన.

"బొగ్గుబాయిల పనా?"

"అవును కాకా."

"నేను గూడ అండ్లనే చేసి రిటైరైన." ఆయన చేతికర్రతోని ముందటి ఇనుప కడ్డీ మీద కొట్టిండు. "పైకప్పును గిట్ల కొట్టినప్పుడు డొల్ల సప్పుడు వస్తే ఏం చేస్తవు?"

"పక్కకు జరిగి, కప్పు భద్రం చూసే సర్దార్‌ను పిలుస్త. ఆయన మళ్ల కొట్టి చూస్తడు."

"అంతేగని బాయి కూలిందని ఇంటికి కబురు పంపవు గద! గిది గూడ ఒక సప్పుడే బిడ్డా. డాక్టర్ దగ్గరికి పో, మళ్ల చూస్తడు."

మంచిర్యాలల ఆయన దిగిపోయిండు. పేరన్న అడగలే.

డాక్టర్ అన్నీ అడిగి, ఆఖరికి నోరు తెరవమన్నడు. నేను పట్టించుకోని పన్ను కింద చీము పట్టింది. అది మానినంక మళ్ల పరీక్ష చేస్తే కణాలు మామూలుకు వచ్చినయి.

ఇప్పటికీ డ్యూటీ ఎక్కంగనే పైకప్పు కొట్టి చూస్త. గట్టి సప్పుడు వినవడితే, "మంచిగున్నవా కాకా" అని మనసుల అడుగుత.