ఎర్రమ్మ పలకని పేరు

మీ చెవులతో విన్నదాన్ని మీ బుద్ధి ఒప్పుకోకపోతే, రెండింటిలో దేన్ని అబద్ధమంటారు? తొందరపడి జవాబు చెప్పకండి. నేనూ ఒకప్పుడు తడుముకోకుండా చెప్పినవాణ్ణే.

దెయ్యాలు, దేవుళ్ళు, దిష్టి, శకునం, వీటిలో దేన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. శ్మశానంలో కూర్చుని పెరుగన్నం తిన్నాను. అమావాస్యనాడు ఇంటికి పునాది తీయించాను. నరసన్నపేటలో వేదికలెక్కి పురోహితులతోనూ పాదిరీలతోనూ గొంతు పోయేదాకా వాదించాను. ఈ రాసేది ఎలాంటివాడో మీకు తెలియాలని చెబుతున్నాను.

పంతొమ్మిది వందల అరవైల చివరి మాట. ఆ వాదాల్లోనే దేవదానం గారు పరిచయమయ్యారు. గుంటూరు వైపు నుంచి వచ్చి మా జిల్లాలో ఊరూరా తిరిగే సువార్తికుడు. వేదిక మీద ఒకరినొకరం చీల్చి చెండాడుకుని, దిగాక ఒకే బస్సులో పక్కపక్కన కూర్చునేవాళ్ళం. ఆయన ప్రసంగాలు ఆ బస్సుల్లోనే పుట్టేవి. టైరు పంచరైతే ఒక వాక్యం, సీటు దొరక్కపోతే ఒక వాక్యం. “కండక్టరు నువ్వు దిగే ఊరడుగుతాడు, పేరడగడు. ప్రభువు పేరడుగుతాడు” అనేవారు. అందుకే తన ప్రార్థనకు ఒక నియమం పెట్టుకున్నారు. ఎవరి కోసం ప్రార్థించాలో వాళ్ళ పేరు, అడిగినవాళ్ళే నోరారా చెప్పాలి. పక్కవాళ్ళు చెబితే చెల్లదు.

“నా పని చూసి తిట్టండి, చూడకుండా తిట్టకండి” అన్నారొకసారి. న్యాయంగా తోచి ఆయన వెంట వెళ్ళాను. శ్రీకూర్మం దాటి, ఇసుకలో చాలాదూరం నడిస్తే సముద్రం ఒడ్డున చిన్న పల్లె. ఆయన అక్కడ అడుగుపెట్టడమూ అదే మొదటిసారి.

మేం చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆకాశం మూసుకుపోయి ఉంది. చీకటితో వేటకెళ్ళిన తెప్పలు గాలి తిరగ్గానే ఒడ్డుకొచ్చేశాయి, ఒక్కటి తప్ప. అందులో ఇద్దరు అన్నదమ్ములున్నారు. వెతకడానికి మగవాళ్ళు పడవను నీళ్ళలోకి తోస్తుంటే, అలలు దాన్ని వెనక్కి విసిరేస్తున్నాయి. ఆడవాళ్ళు ఇసుకలో గుంపుగా కూర్చుని చూస్తున్నారు.

ఆ గుంపులోంచి అన్న భార్య ఎర్రమ్మ లేచి వచ్చింది. దేవదానం గారి చేతిలో పుస్తకం చూసి ఆయన ముందు నిలబడింది.

“బాబూ, నీ దేవుడికి సెప్పు. మా మరిది అప్పన్న, ఆడి అన్న, ఇద్దరూ రానేదు.”

“అన్న పేరేమిటమ్మా?”

ఎర్రమ్మ తల దించుకుంది. పొరుగింటి ముసలామె అందుకుంది. “మొగుడి పేరు మేం పలకం బాబూ. పలికితే ఆడి ఆయుస్సు తగ్గిపోద్ది. మీ ఇంట్లో నీ ఆడది నిన్ను ఒరే అని పిలస్తాదేటి?”

అంత భయంలోనూ ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఇంకో ఆమె “నాను సెప్తానుండు” అనబోతే దేవదానం గారు చెయ్యెత్తి ఆపారు.

“అడిగిన నోరే పలకాలి. దేవుడికి వరసలు చెబితే ఎలాగమ్మా, పేరు చెప్పు.”

ఎర్రమ్మ పెదవులు కదిలాయి. ముసలామె వైపు చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన సముద్రం వైపు తిరిగి, తెలిసిన ఒక్క పేరూ ఎత్తి గట్టిగా పిలిచారు. “నాయనా అప్పన్నా, భయపడకు. ఈ గొంతు వైపు రా.” మళ్ళీ మళ్ళీ అదే మాట. అన్న గురించి మాత్రం, అతన్ని కూడా చూడు ప్రభువా అని నెమ్మదిగా అనుకున్నారు. గాలి సముద్రం మీంచి మా ముఖాలకు కొడుతోంది. నా పక్కనున్న ఆయన కేక నాకే సరిగా వినబడలేదు. నాకు లోపల నవ్వొచ్చింది.

తిరుగు బస్సు తప్పిపోయి ఆ రాత్రి పల్లెలోనే ఉన్నాం. తెల్లారాక అప్పన్న ఒక దుంగను కరుచుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. పైకి లాగినవాళ్ళలో నేనూ ఉన్నాను. ప్రార్థన సంగతి అతనికింకా ఎవరూ చెప్పలేదు. ఉప్పునీళ్ళు కక్కి అతను అడిగిన మొదటి మాట ఇది: “నన్ను నాయనా అన్నోడెవుడు?”

ఆ పల్లెలో గడ్డం మొలిచినవాణ్ణి అలా పిలిచేవారు ఎవరూ లేరు.

ముందటి రోజు పగలే తాళ్ళు తెగి తెప్ప దుంగలు విడిపోయాయట. వానతెరలో ఒడ్డు ఎటుందో తెలియలేదట. “ఈ గొంతు వైపు రా అని ఇనబడ్డాది. ఎవుడో పిలస్తన్నాడు, అన్నా, ఇటు రా అన్నాను. ఎవుడూ పిలవనేదు, నీకు మతి పోనాది అన్నాడు. ఆడు ఇంకో వైపు ఎల్లిపోనాడు.”

ఎర్రమ్మ వింటూ నిలబడింది. తర్వాత మొలలోతు నీళ్ళలోకి నడిచి, “లచ్చయ్యా” అని అరిచింది. ముసలామె కూడా ఆమెను ఆపలేదు. లచ్చయ్య శవం ఆ తర్వాత నది సముద్రంలో కలిసే మొగ వైపు తేలింది.

అప్పన్నను నేను గుచ్చి గుచ్చి ప్రశ్నించాను. ఎక్కడైనా, ఎప్పుడైనా ప్రార్థన విన్నాడా? లేదు. కలవరింతేమో? అయితే “ఈ గొంతు వైపు రా” అన్న మాట, వాళ్ళెవరూ వాడని ఆ పిలుపు, అతని నోట ఎలా వచ్చాయి? కాకతాళీయమని రాసుకున్నాను, కొట్టేశాను, మళ్ళీ రాసుకున్నాను. ఇన్నేళ్ళయినా అక్కడే ఉన్నాను.

దేవదానం గారు దీన్ని అద్భుతమని ఏ సభలోనూ చెప్పుకోలేదు. ఆ తర్వాత ప్రార్థనకు ఎవరు చెప్పినా పేరు తీసుకునేవారు. పల్లెవాళ్ళ తీర్పు వేరు. ఎర్రమ్మ మొగుడి పేరు పలకలేదు కాబట్టే కనీసం మరిదైనా దక్కాడట. మూఢత్వానికి ఎటు తిప్పినా తనదే గెలుపు.

అప్పన్న విన్నదేమిటో నాకు తెలియదు. తెలుసని చెబితే అబద్ధమవుతుంది. ఎర్రమ్మ నోరు ఎందుకు పెగల్లేదో మాత్రం నాకు తెలుసు. ఆ భయాన్ని ఆమెకు సముద్రం నేర్పలేదు, దేవుడూ నేర్పలేదు. మీ ఇంట్లోనూ మా ఇంట్లోనూ అదే నేర్పుతున్నాం.

ఈ పూట అన్నానికి కూర్చున్నప్పుడు మీ భార్యను మీ పేరు పలకమనండి. ఆమె నవ్వుతుంది, తప్పించుకుంటుంది, చెంపలేసుకుంటుంది. అయినా పలికేదాకా ముద్ద ఎత్తకండి.