పక్కసీటు ఖాళీ

మేడమీది గది అద్దెకు తీసుకునేటప్పుడు నేను ఇంటివాళ్ళని అడిగినవి రెండే. పుస్తకాలు పెట్టుకోవడానికి గోడ పొడిగా ఉందా, కిటికీ వీధివైపు తెరుచుకుంటుందా అని. కాళ్ళు సహకరించినన్నాళ్ళు ఊళ్ళు పట్టుకు తిరిగిన మనిషికి, తిరగలేని రోజుల్లో కిటికీయే వాహనం. అందులోంచి వాకిట్లో ఒక బూడిదరంగు కారు కనిపించేది. దాని వెనక అద్దం మీది దుమ్ములో ఎవరో వేలితో రెండు మాటలు రాసిపోయారు: "మళ్ళీ రండి."

మొదట మర్యాద అనుకున్నాను. కాదు, అది తిట్టు.

కారు ఇంటి ఇల్లాలిది. ఆవిడ డ్రైవింగ్ లైసెన్సుల ఆఫీసులో పరీక్షాధికారి. లైసెన్సు కోసం వచ్చినవాళ్ళ పక్కసీట్లో కూర్చుని, వాళ్ళు నడిపే తీరు చూసి, పాసో ఫెయిలో తేల్చడం ఆవిడ ఉద్యోగం. ఈ ఊళ్ళో పాసైనవాళ్ళు కూడా ఉన్నారని చెబుతారు గానీ నాకు మాత్రం ఒక్కరూ తగల్లేదు. ఫెయిలైనవాళ్ళయితే మందుల కొట్టులో, పోస్టాఫీసులో, క్షవరం కుర్చీలో, ఎక్కడపడితే అక్కడే. ఫెయిల్ చేశాక ఆవిడ అనేది ఆ రెండు మాటలే. ఎందుకు ఫెయిలయ్యానని అడిగితే తలుపు తీసుకుని దిగిపోయేది. అభ్యర్థులతో వాదించకూడదని ఆఫీసులో ఒక నియమం ఉందట. వాదన వద్దంటే మాటే వద్దని అర్థం చేసుకుంది. ఊరు కూడా ఊరుకోలేదు. మందుల కొట్టువాడు ఆవిడని చూడగానే లోపల ఏదో పని గుర్తొచ్చినట్టు మాయమయ్యేవాడు. ఆవిడ ఆ దుమ్ము రాత తుడిచేది కాదు. కారు కడిగే వారం వచ్చేదాకా దాన్ని అలాగే ఊరంతా తిప్పేది. మొండితనంలో ఊరికి తీసిపోయే మనిషి కాదు.

పక్క వాటాలో ఆవిడ మరిది. ఆయనకో డ్రైవింగ్ స్కూలుంది, సరిగ్గా పరీక్ష మైదానం గేటుకి ఎదురుగా. మధ్య గోడ ఒకటే అయినా వదినకీ మరిదికీ మాటల్లేవు. కారణం అందరికీ తెలిసిందే. పెద్ద బళ్ళు నేర్పే అనుమతి కోసం మరిది పరీక్షకి వెళ్ళాడు. మా వదినే కదా అని ధీమాగా వెళ్ళాడు. వదిన బండెక్కినప్పటినుంచీ ఆయన్ని "మీరు" అంది. దిగేటప్పుడు "మళ్ళీ రండి" అంది. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ అదే మాట. మూడోసారి వెళ్ళలేదు. పండక్కీ పబ్బానికీ కూడా గోడ దాటలేదు.

ఇంత శత్రుత్వం మధ్య ఆవిడకి కొత్తగా ఒక సరదా పుట్టింది. ఊరి బయట విమానాలు దిగడం మానేసిన పాత మైదానం ఒకటుంది. సెలవురోజుల్లో ఒక క్లబ్బువాళ్ళు దాని మీద కోన్లు పెట్టి మలుపులు మలిచి, ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని తోలుకోనిస్తారు. పందెం కాదు. గెలుపూ లేదు, చప్పట్లూ లేవు. రోజూ కూరగాయలు మోసే కారునే అక్కడ ప్రాణం తీసినట్టు పరిగెత్తిస్తారు. రోడ్డు మీద కాస్త వేగం పెంచినవాణ్ణి ఫెయిల్ చేసే మనిషికి ఇదేం పిచ్చి అని ఒకరోజు అడిగేశాను. ఆవిడ, "ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఇంకొకరి పక్కన కూర్చుని వాళ్ళ కాళ్ళు చూస్తూనే బతికాను, బాబాయిగారూ. ఒక్క గంట నా పక్కసీటు ఖాళీగా ఉండగా నేను నడపాలి," అంది.

రోడ్డు మీద ఒంటరిగా నడుపుతూనే ఉంటావు కదా అన్నాను. రోడ్డు మీద ఊరంతా పక్కనే కూర్చుంటుంది అంది. నేను చాలా పుస్తకాలు చదివాను, ఏకాంతం గురించి ఇంత సూటిగా చెప్పినవాళ్ళు తక్కువ.

చిక్కల్లా క్లబ్బు నియమం దగ్గరుంది. కొత్తవాళ్ళ పక్కన శిక్షకుడు కూర్చోవాలి. ఇక ఒంటరిగా వదలొచ్చని ఆయనకి నమ్మకం కుదిరితే అద్దానికి పచ్చరిబ్బను కడతాడు. రిబ్బనుంటేనే పక్కసీటు ఖాళీ. ఆ క్లబ్బు శిక్షకుడెవరో చెప్పనక్కర్లేదు. గోడ అవతలి మరిదే.

టైర్ల గొడవ గేటు దగ్గర మొదలైంది. ఆవిడ కారు కడుగుతుంటే మరిది తన కారు ఆపి, కిటికీలోంచే, ఈ అరిగిన చెప్పులేసుకునా వదినా వచ్చేది అన్నాడు. చాలాకాలం తర్వాత వాళ్ళిద్దరి మధ్య పుట్టిన మొదటి మాట అది, అదీ ఎత్తిపొడుపే. తన కారుకి మెత్తని రబ్బరు టైర్లు వేయించాడు. వేడెక్కితే రోడ్డుకి జిగురులా అంటుకుంటాయి, ఒక్క సీజన్లో అరిగిపోతాయి. అలాంటివి వేయించుకోమన్నాడు. పట్టు వదిలే ముందు అవి కీచుమని చెబుతాయా అని ఆవిడ అడిగింది. పెద్దగా చెప్పవు, పట్టుకున్నంతసేపూ పట్టుకుని ఒక్కసారే వదిలేస్తాయన్నాడు.

"చెప్పకుండా వదిలేసేది నాకొద్దు," అంది ఆవిడ.

"చెప్పకుండా ఫెయిల్ చేసేవాళ్ళు మాత్రం ఉండొచ్చా?" అని మరిది అద్దం పైకెత్తుకుని వెళ్ళిపోయాడు.

కానీ "అరిగిన చెప్పులు" అన్న మాట ఆవిడకి ముల్లులా దిగింది. పరీక్ష మైదానంలో టైరు కాస్త అరిగి కనిపిస్తే చాలు, బండిని గేటు దగ్గరే వెనక్కి పంపే మనిషి. తన టైర్లు చట్టం ఒప్పుకునే స్థితిలోనే ఉన్నా, ఇంకొకడు వేలు పెట్టి చూపించే స్థితికి వచ్చాయంటే అవమానమే. మర్నాడే టైర్ల కొట్టుకి వెళ్ళింది, తోడు నన్ను లాక్కెళ్ళింది. ఆవిడతో వచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరు మరి. కొట్టువాడు కూడా ఆవిడ చేతిలో ఫెయిలైనవాడే. మూడు రకాలు చూపించాడు: మరిది వాడే జిగురు రకం, కాస్త దూకుడుగా నడిపినా తట్టుకునే రకం, మామూలు రోడ్డు రకం. ఆవిడ మామూలు రకమే తీసుకుంది. సరికొత్తవి, గాడులు వేలు దూరేంత లోతు. ట్రాక్ మీదికి ఇవి బాగుంటాయా అని మాత్రం అడగలేదు. వాడూ అడిగినదానికే జవాబిచ్చాడు, అడగనిదానికి పెదవి విప్పలేదు. ఆ పద్ధతి ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. పాత టైర్లు నాలుగూ షెడ్డులో పడ్డాయి.

ప్రయాణాల గురించి రాసినవాళ్ళు కొండలని వర్ణిస్తారు, నదులని వర్ణిస్తారు, కాలికింది బూటు అడుగు గురించి ఒక్కడూ రాయడు. నా తిరుగుళ్ళలో నన్ను మోసిందీ పడేసిందీ ఆ అడుగే. ఈ సంగతి అప్పుడే ఆవిడకి చెప్పాల్సింది. అడిగితే కదా.

సెలవురోజు మైదానానికి ఇంటాయన కూడా వచ్చాడు. ఆయనది పెన్నులూ కాగితాలూ అమ్మే కొట్టు. భార్యకీ తమ్ముడికీ మధ్య నలిగి నలిగి మాట్లాడటమే మరిచిపోయినట్టుంటాడు. మేమిద్దరం కంచె పక్కన నిలబడ్డాం. ఆవిడ కారు తలుపు మీద కంపెనీవాళ్ళు అంటించిన చీటీ ఎంత చెబితే అంత గాలి టైర్లకి పట్టించి, బెల్టు బిగించుకుని కూర్చుంది. మరిది వచ్చి పక్కసీట్లో కూర్చున్నాడు. "నమస్కారం మేడమ్, మీరు మొదలుపెట్టండి," అన్నాడు. వదినా అన్న పిలుపు ఆ రోజు గేటు బయటే ఉండిపోయింది.

మొదటి రౌండ్లలో కారు స్కేలు పెట్టి గీసినట్టు వెళ్ళింది. మరిది ముఖంలో నిరాశ ఇంత దూరానికీ తెలిసింది. తర్వాత మలుపుల్లో కీచుశబ్దం మొదలైంది, కారు తోక కాస్తకాస్తగా ఊగసాగింది. ఆవిడ స్టీరింగు తిప్పినదానికీ కారు తిరిగినదానికీ మధ్య ఒక సందేహం దూరింది. చివరి మలుపులో కారు మాట వినలేదు. కోన్లు తన్నుకుంటూ గడ్డిలోకి దిగి, దుమ్ము రేపి ఆగింది.

మరిది దిగాడు, హెల్మెట్ తీశాడు. రిబ్బను జేబులోనే ఉంది.

"మళ్ళీ రండి," అన్నాడు.

"ఎందుకు ఫెయిలయ్యానో చెప్పు."

"కారణాలు చెప్పే పద్ధతి మా దగ్గర లేదండి."

ఆయన ఆ మాట నోట్లో ఎన్నాళ్ళు నాననిచ్చాడో. ఫెయిల్ చేయడం న్యాయమే, గడ్డిలోకి దిగిన కారుకి ఎవడూ రిబ్బను కట్టడు. ఆ తర్వాతి ముక్క మాత్రం పగ. చుట్టూ ఉన్నవాళ్ళలో ఆవిడ చేతిలో ఫెయిలైనవాళ్ళు లేకపోలేదు, వాళ్ళ నవ్వులు కంచె దాటి వచ్చాయి. ఆవిడ ఎవరివైపూ చూడలేదు. టైరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గాడుల మధ్య నిలిచిన రబ్బరు దిమ్మల అంచులు చిరిగి, పెచ్చులు లేచి ఉన్నాయి. టైరు నడిమి భాగం కాలి నిగనిగలాడుతోంది, టైరు రెండు పక్కల చివర్లలో మాత్రం కొట్టు మెరుపు ఇంకా పోలేదు. చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

ఇంటికొచ్చాక వంటగదిలో గిన్నెల మీద పడ్డ కోపం మేడమీదికి వినిపించింది. ఇంటాయన ఏం చెప్పబోయాడో ఏమో, నన్ను కిందికి పిలిచారు. ఆయన కొట్టులోంచి తెచ్చిన రబ్బర్లు బల్ల మీద పెట్టి ఉన్నాయి. పెన్సిలు రాత చెరిపేవే, ఒకటి కొత్తది, పొడుగ్గా ఉంది, ఇంకోటి సగం అరిగింది. కొత్తదాన్ని కాగితం మీద రుద్దాడు. వంగింది, ఊగింది, కొన విరిగింది. అరిగినదాన్ని రుద్దాడు. కదలకుండా చెరిపింది.

"పొట్టిది వంగదు. పిల్లలకి నేనెప్పుడూ చెప్పేదే," అన్నాడు.

అంటే పాత టైర్లే నయమంటారా అంది ఆవిడ, కృతజ్ఞతగా కాదు, నిలదీసినట్టు. అప్పుడు నేనూ కల్పించుకుని, కొత్త బూట్ల లోతు గాడులు రాతిమీద ఎలా పడేస్తాయో, సగం అరిగిన అడుగు ఎలా నిలబెడుతుందో చెప్పాను. మీ ఇద్దరికీ ఇంత తెలిసి కొట్టు దగ్గర నోళ్ళు పడిపోయాయా అని ఇద్దరినీ కలిపి కడిగేసింది. కాగితాల కొట్టాయన ఆ రోజు టైర్ల కొట్టుకి రాలేదన్న సంగతి ఎవరికీ గుర్తురాలేదు, ఆయనతో సహా. కాసేపటికి ఆవిడే, మరి నడిమి భాగం ఎందుకు కాలింది అని తనని తాను అడిగి, తానే జవాబు చెప్పుకుంది. తలుపు చీటీలో రాసింది టైరు చల్లగా ఉన్నప్పటి గాలి లెక్క. పరుగులో వేడెక్కి గాలి ఉబ్బింది, టైరు పొట్ట ముందుకొచ్చింది, అంచులు నేలని వదిలేశాయి. చీటీని వేదంలా నమ్మింది తానే.

తర్వాతి సెలవురోజుకి షెడ్డులోని పాత టైర్లు మళ్ళీ చక్రాలెక్కాయి. మరిది వాటిని చూసి నవ్వాడు, "మీరు మొదలుపెట్టండి" అన్నాడు. రెండు రౌండ్లయ్యాక ఆవిడ కారు పక్కకి తీసి, వేడెక్కిన టైర్లలోంచి ఉబ్బిన గాలి కాస్త వదిలి, మళ్ళీ వెళ్ళింది. టైర్లు ప్రతి మలుపులోనూ కీచుమన్నాయి. కీచుమన్న ప్రతిసారీ ఆవిడ వినిపించుకుని కాలు సడలించింది. మరిది ఇంకో రౌండు అన్నాడు, మరోటి అన్నాడు, తప్పు కోసం వెతుకుతూ కూర్చున్నాడు. దొరకలేదు. చివరికి దిగి, విప్పాలంటే కత్తి కావాలన్నట్టు గట్టిగా ముడేసి అద్దానికి రిబ్బను కట్టాడు.

"ఈ టైర్ల సంగతి ఎవరు చెప్పారు?"

"మీ అన్నయ్య."

మరిది కంచెవైపు ఒక చూపు చూశాడు. ఆ రోజునుంచి అన్నదమ్ముల మధ్య కూడా మాటల్లేవు. పోయిన బంధుత్వాల్లో అదొక్కటే మిగిలి ఉండేది, అదీ పోయింది. ఆవిడ మాత్రం ఆ గంటంతా ఒంటరిగా తిరిగింది. మలుపు దగ్గర దాటినప్పుడు చూశాను. ముఖంలో సంతోషం ఏమీ లేదు, ఎవరి కాళ్ళూ చూడనక్కర్లేని మనిషి ముఖం, అంతే. ఇంటికి బయల్దేరే ముందు వదిలిన గాలి టైర్లకి మళ్ళీ పట్టించింది.

ఆ తర్వాత ఆఫీసులో ఫెయిల్ చేసినవాళ్ళకి కారణం చెప్పడం మొదలుపెట్టింది. ఊరు మెత్తబడుతుందని మీరనుకుంటే పొరపాటు. మీ చూపు అద్దంలోకి వెళ్ళింది వెనక బండి కోసం కాదు, మీ జుట్టు కోసం అని చెబితే ఎవరు మరిచిపోతారు? ఇదివరకు ఆవిడని తిట్టుకుని నిద్రపోయేవాళ్ళు, ఇప్పుడు నిద్ర కూడా పోవడం లేదు. కారు అద్దం మీద దుమ్ము రాతలు పొడుగయ్యాయి. మరిది స్కూలు పిల్లలకైతే మరీ వివరంగా చెబుతుంది, ఆయనకి వినిపించేలా, కిటికీ దించి.

రిబ్బను కట్టిన వారం తిరక్కుండా మెకానిక్ వచ్చి కారు పక్కసీటు ఊడదీశాడు. ఇంటాయన ఇప్పుడు వెనక సీట్లో కూర్చుని, తన కొట్టుకి తానే పెద్ద అధికారిలా దిగుతున్నాడు. ఊడిన సీటుని మెట్లమీదుగా నా గదికి మోయించింది.

"మీ దగ్గరికెవరైనా వస్తే ఇందులో కూర్చోబెట్టుకోండి, బాబాయిగారూ," అంది. "నా పక్కన మాత్రం ఎవరూ వద్దు."