స్ప్రింగుల మధ్య నిమ్మకాయ

మా వారు తన పాత మోటార్ సైకిల్‌ని పూర్వకాలపు బండిలా మార్పిస్తున్నారు. ముందు చక్రం ఫోర్కులో రెండు రకాలున్నాయి. ఒకదానికి హెడ్‌లైటు పక్కన రెండు స్ప్రింగులు బయటికే కనిపిస్తాయి. రెండోదాని స్ప్రింగు రేకు గొట్టంలో దాగి ఉంటుంది. మా ఇద్దరికీ మొదటిదే నచ్చింది. కానీ ట్యాంకు మీద కూర్చునే మా మూడేళ్ల చిన్ని అందులో వేలు పెడితేనో?

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం, పాపకు గంత దూరం అందది," అన్నాడు పంజాగుట్ట మెకానిక్ భాయ్.

మొహమాటానికి నేనూ సరేనంటే మొదటిదే బిగించాడు. ట్రయల్ రోజు చిన్నిని అమీర్‌పేటలో అమ్మ దగ్గర వదిలి వచ్చాను. దిష్టి తగలకుండా నిమ్మకాయ, మిరపకాయల దండను ఆ స్ప్రింగులకే కట్టి వెనక ఎక్కాను. ఎర్రమంజిల్ వైపు బండి దూసుకుపోతుంటే ఎంత హాయో! "ఇంకా స్పీడుగా పోనివ్వండి!" అని నేనే అరిచాను.

స్పీడ్ బ్రేకర్ మీద స్ప్రింగులు గట్టిగా నొక్కుకున్నాయి. రసం చిమ్మి, అద్దం ఎత్తిన హెల్మెట్‌లోంచి ఆయన కళ్లలో పడింది.

"అమ్మో, మంట! ఏమీ కనబడట్లేదు!"

కుడిపక్కనే బస్సు. "ఎడమకి తిప్పండి! బ్రేకు వేయండి!" అని గొంతు చించుకున్నాను. బండి ఫుట్‌పాత్‌ను తాకి ఆగింది.

ఆయన కళ్లు నీళ్లతో కడిగాక ఇద్దరం స్ప్రింగుల వైపు చూశాం. నిమ్మకాయ పిప్పయిపోయింది. ఆయన నా చెయ్యి పట్టుకుని, "అదే చిన్ని వేలైతే! రెండోదే పెట్టిద్దాం," అన్నారు.

"గాడ నిమ్మకాయ ఎవరన్న కడ్తరా మేడం!" అని భాయ్ ఒకటే నవ్వు.

నవ్వితే నవ్వనీ. పిల్ల విషయంలో నా భయాన్ని నేనిప్పుడు మొహమాటపడకుండా చెబుతున్నాను.