మూడో బ్లాకు నుంచి వచ్చిన మెసేజ్

దయ్యాలు, గాలి సోకడాలు, తాయెత్తులు, వీటిని నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పడం లేదు. ఇంట్లో పిల్లలకు జ్వరం వస్తే ముందు డాక్టరుకు చూపించండి, దిష్టి తర్వాత తీద్దురు అని గొడవపడేది నేనే. "నాలుగు అక్షరాలు సదువుకోంగనే వీనికి దేవుడు కూడ కనవడుతలేడు" అని మా అక్క నన్ను దెప్పేది. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే ఎంత ఇబ్బందిపడి రాస్తున్నానో అర్థం చేసుకోండి.

మాది కర్దనూర్. అక్కను లక్డారంలో ఇచ్చాం. బావ పేరు నర్సింలు. బోరు ఎండిపోయాక బావ సేద్యం వదిలేసి పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో ఆపరేటరుగా చేరాడు. నేను కంప్యూటర్ కోర్సు చేసి ఖాళీగా తిరుగుతుంటే మేనేజరు ఇంటికి రెండుసార్లు పోయి అడిగి నన్ను అదే కంపెనీలో పెట్టించింది కూడా బావే. నా మొదటి ఉద్యోగం ఆయన పెట్టిన భిక్ష. ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు, నేనే అనుకుంటాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. కంపెనీ మొత్తానికి పన్నెండు కంప్యూటర్లు. వాటన్నింటికీ నేనొక్కడినే దిక్కు. ఇంటర్‌కమ్ ఎప్పుడు చేసినా ఎంగేజ్ వచ్చేది. ల్యాబ్ వాళ్లకు ఒక మాట చెప్పాలంటే ప్లాంటు నుంచి మనిషి నడిచి రావాలి. ఆ బాధ చూడలేక నేనొక ఉపాయం కనిపెట్టాను. కనిపెట్టడమేం లేదు, విండోస్‌లో ఉన్నదే. నల్ల తెర తెరిచి 'నెట్ సెండ్' అని కొట్టి, పక్కన అవతలి కంప్యూటర్ పేరు, ఆ పక్కన చెప్పదలచుకున్న మాట టైప్ చేసి ఎంటర్ నొక్కితే, అవతలి తెర మధ్యలో ఒక బూడిద రంగు డబ్బా ప్రత్యక్షమవుతుంది. ఫలానా కంప్యూటర్ నుంచి ఫలానా కంప్యూటర్‌కు అని పైన పేర్లు, టైము, కింద మనం రాసిన మాట, దాని కింద ఓకే అనే బటన్. ఓకే నొక్కేదాకా, లేదంటే ఎంటర్ కొట్టేదాకా, ఆ డబ్బా పోదు.

నెల తిరిగేసరికి కంపెనీలో నా పేరు మోగిపోయింది. అందరికీ నేర్పించాను. పేరుకు బదులు ఒక నక్షత్రం గుర్తు పెడితే పన్నెండు కంప్యూటర్లకూ ఒకేసారి పోతుందని కూడా నేర్పించాను. అక్కడే తప్పు చేశాను. శాంపిల్ పాసైందని, ట్రక్కు వచ్చిందని పంపాల్సినచోట, క్యాంటీన్‌లో మిర్చి బజ్జీ వేశారని, కంపెనీ బస్సు ఇవాళ పది నిమిషాలు ముందు పోతుందని, టెండూల్కర్ ఔటయ్యాడని పంపడం మొదలుపెట్టారు. మొదలుపెట్టారు అని వాళ్లమీద తోయడమెందుకు, అందరికంటే ఎక్కువ పంపింది నేనే. పని మధ్యలో రోజుకు నలభై డబ్బాలు అడ్డం వస్తే ఎవరు చదువుతారు? డబ్బా కనపడగానే చేయి దానంతటదే ఎంటర్ మీద పడేది, ముఖం మీద వాలిన ఈగను తోలినట్టు.

ఆ రోజు మధ్యాహ్నం కూడా అంతే. భోజనం చేసి వచ్చి స్టోర్సు వాళ్ల స్టాకు రిపోర్టు కొడుతున్నాను. మర్నాడు ఆడిట్. అది కొడుతుండగా డబ్బాలు వస్తున్నాయి, కొట్టేస్తున్నాను. ఏదో వచ్చిందని తెలుసుగానీ ఏమొచ్చిందో తెలియదు.

ఇంకొకటి వచ్చింది. చేయి ఎంటర్ మీదికి పోయి ఆగింది. డబ్బాలో నర్సింలు అనే పేరు కనపడింది.

'నర్సింలును లోపలికి పంపకండి.' ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు, అన్నీ పెద్దక్షరాలు. పైన చూశాను. బ్లాక్ త్రీ నుంచి అని ఉంది. బావ పని చేసేది మూడో బ్లాకులోనే.

నాకు అర్థం కావడానికి క్షణం కూడా పట్టలేదు. లోపలికి అంటే రియాక్టర్ లోపలికి. మందు తయారయ్యే నిలువెత్తు స్టీలు డ్రమ్ము లాంటిది, పైన మనిషి దూరేంత మూత ఉంటుంది. నెలకొకసారి మనిషి దిగి గోడలు కడుగుతాడు. దిగే ముందు నైట్రోజన్ పైపు మూసి, లోపల ఆక్సిజన్ ఎంతుందో మీటరు దించి చూసి, కాగితం మీద సంతకాలు పెట్టాలి. నైట్రోజన్‌కు రంగుండదు, వాసనుండదు. లోపల గాలి లేదని మనిషికి తెలిసేలోపే మోకాళ్లు మడతపడతాయి. ఈ సంగతి మా కంపెనీలో స్వీపరుకు కూడా తెలుసు.

ఇంటర్‌కమ్ ఎత్తాను. ఎంగేజ్. పెట్టి మళ్లీ ఎత్తాను. ఎంగేజే. పరుగెత్తాను.

మా ఆఫీసు నుంచి మూడో బ్లాకుకు బాయిలరు పక్కనుంచి పోవాలి. హెల్మెట్ లేకుండా పోతున్నానని సెక్యూరిటీ అతను వెనక నుంచి అరుస్తున్నాడు. ఆ కాస్త దూరంలో మా అక్క ముఖం ఎన్నిసార్లు కళ్లముందు మెదిలిందో చెప్పలేను. ఇనుప మెట్లు రెండేసి ఎక్కాను.

బావ నడుముకు బెల్టు కట్టుకుని ఉన్నాడు. ఒక కాలు మూతలోపల, ఒక కాలు బయట. పక్కన తాడు పట్టుకుని బిహార్ నుంచి వచ్చిన హెల్పరు. కాగితం పట్టుకుని షిఫ్టు ఇంచార్జి.

"బావా, దిగకు. జెర ఆగు" అన్నాను. మాట సరిగా రాలేదు.

"ఏందిరా శీను, గట్ల ఉరుక్కుంట వచ్చినవ్? అక్కకు ఏమన్న అయిందా?" అన్నాడు బావ, కాలు అలాగే ఉంచి.

"కాలు బయటికి తియ్యి ముందు."

తీశాడు. నేను అలా అడగడం ఎప్పుడూ చూడలేదు కదా, మారు మాట్లాడకుండా తీశాడు.

ఇంచార్జికి కోపం వచ్చింది. "ఆపమని ఎవరు చెప్పిన్రు నీకు?" అన్నాడు.

"మీ బ్లాకు నుంచే మెసేజ్ వచ్చింది సార్."

"మా కంప్యూటర్ రెండు దినాల సంది నీ టేబుల్ మీదనే ఉన్నది కదనయ్యా, రిపేర్ అని తీస్కపోయినవ్."

నిజమే. కాలిపోయిన పవర్ సప్లై ఊడదీసి పెట్టింది నేనే. మూత తీసిన ఆ కంప్యూటర్ నా మోచేతి పక్కనే ఉంది. దాని పక్కనే కూర్చుని దాని పేరుతో వచ్చిన మెసేజ్ చదివి పరుగెత్తాను, అంత కంగారులో అది తట్టనే లేదు.

"ఆక్సిజన్ మళ్ల ఒక్కపారి చూడుండ్రి సార్, మీకు దండం పెడుత" అన్నాను.

"సుబహ్ దేఖా థా సాబ్" అన్నాడు హెల్పరు. పొద్దున చూశారు, నిజమే. పదకొండింటికి చూసి సంతకం పెట్టారు. తర్వాత భోజనాలు. భోజనం తర్వాత మళ్లీ చూడాలని రూలు. ఎవరూ చూడరు, పొద్దున చూసిందే కదా అని అదే కాగితం మీద దిగుతారు. మా దగ్గర ఏ బ్లాకులో అయినా అదే అలవాటు.

ఇంచార్జి విసుక్కుంటూనే మీటరు దించాడు. తాడు మూరెడు కూడా దిగలేదు, మీటరు కూయడం మొదలుపెట్టింది. పక్క రియాక్టర్ కోసం భోజనాల టైములో ఎవరో నైట్రోజన్ తిప్పారు. మూసిన వాల్వు సరిగా పట్టక ఇందులోకీ వస్తోంది.

ఇంచార్జి ముఖం పాలిపోయింది. బావ మెల్లగా బెల్టు విప్పి కింద కూర్చుని, "నీళ్లు తెప్పియ్ శీను" అన్నాడు.

సాయంత్రం నేను చేసిన పని చెబుతాను. మూడో బ్లాకు కంప్యూటర్ నా టేబుల్ మీద పెట్టింది పెట్టినట్టే ఉంది. పవర్ సప్లై లేదు, హార్డ్ డిస్కు నా సొరుగులో ఉంది. మూడో బ్లాకులో దాని నెట్‌వర్క్ వైరు గోడ పక్కన ఊరికే వేలాడుతోంది. ఇంకెవరైనా తమ కంప్యూటర్‌కు ఆ పేరు పెట్టారేమోనని పదకొండూ ఒక్కొక్కటి తెరిచి చూశాను. ఏదీ మారలేదు. పేరు మార్చాలంటే పాస్‌వర్డ్ కావాలి, అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. వాల్వు సంగతి తెలిసి పైకి చెప్పడానికి భయపడ్డవాళ్లు ఎవరైనా పంపారేమోనని ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగాను. పేరు చెప్పనని ఒట్టేశాను. ఎవరూ ఒప్పుకోలేదు. నా ప్రశ్నే వాళ్లకు అర్థం కాలేదు.

హైదరాబాద్ నుంచి వచ్చే సర్వీసు ఇంజనీరుకు చెప్తే నవ్వి, "కలగన్నవేమో" అన్నాడు. కల కాదని చూపించడానికి లాగ్ తెరిచాను. తెర మీదికి వచ్చిన ప్రతి డబ్బానూ కంప్యూటర్ టైముతో సహా లోపల రాసుకుంటుంది. అది చూశాక అతను నవ్వలేదు. మూడో బ్లాకు కంప్యూటర్ మదర్‌బోర్డును అటూ ఇటూ తిప్పి చూసి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

అక్క ఆ ఆదివారమే అందరినీ ఇస్మాయిల్‌ఖాన్‌పేట గుడికి తీసుకుపోయింది. దుర్గాభవానికి ఒడిబియ్యం పోసి, కనపడ్డ ప్రతివాళ్లకూ "నా తమ్ముడు నా పసుపు కుంకుమలు నిలబెట్టిండు" అని చెప్పింది. నేను తల ఎత్తలేకపోయాను. నాకు సిగ్గనుకున్నారు. ఇప్పటికీ ప్రతి పండక్కీ నాకు బట్టలు పెడుతుంది. వద్దంటే ఏడుస్తుంది.

ఆ లాగ్‌లో ఇంజనీరు చూసింది ఒక్కటే వాక్యం. అతను వెళ్లాక నేను కిందికి జరిపి చూశాను. ఆ మధ్యాహ్నం నా కంప్యూటర్‌కు బ్లాక్ త్రీ పేరుతో వచ్చింది ఒక్క మెసేజ్ కాదు. అయిదు. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఇరవై నిమిషాల పైనే ఉంది. మొదటి నాలుగూ నేను ఎంటర్ కొట్టి తీసేశాను.

ఆ నాలుగింట్లోనూ 'మనిషిని లోపలికి పంపకండి' అని ఉంది.

చదవలేదని ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. కానీ మనిషిని అనే మాట ఆ రోజు నా కళ్లకు ఎక్కడో తగిలినట్టే ఉంటుంది. ఎవరో మనిషి, ఏదో బ్లాకు, వాళ్లు చూసుకుంటారులే అని చేయి నొక్కేసినట్టే ఉంటుంది. ఖచ్చితంగా చెప్పలేను.

తీగె లేని, కరెంటు లేని కంప్యూటర్ నుంచి ఎవరు పంపారో నాకు తెలియదు, ఎప్పటికీ తెలుస్తుందన్న ఆశ లేదు. పంపినవాళ్లు మాత్రం నన్ను బాగా చూసినవాళ్లే. మనిషి అంటే నేను లేవడం లేదని నాలుగుసార్లు చూసి, అయిదోసారి మా బావ పేరు రాశారు.

దిగబోయేది ఇంకొకరి బావ అయ్యుంటే అయిదోది కూడా నొక్కేసి ఉండేవాణ్ణి. అక్కకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.