ఒక్కపొద్దు మజ్జిగ

కాశమ్మ నోటికి భయపడని మనిషి ఆ డిపార్ట్‌మెంటు మొత్తంలో ఒక్క భూపాలే. మిగతావాళ్ళు చాయ్ కోసం వస్తారు, గ్లాసు అందుకుంటారు, "మంచిగున్నదమ్మా" అని ఒక మాట పడేసి పోతారు. మంచిగున్నదో లేదో చెప్పమని ఆమె ఎవరినీ అడగలేదు. ముప్పై ఏళ్ళు యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో గంటె తిప్పింది. వయసైపోయిందని అక్కడ వద్దంటే, ఫార్మసీ వాళ్ళ పాత కట్టడంలో రోజుకూలీకి చేరింది. చాయ్ పెట్టడం, గదులు ఊడవడం, ఎవరికైనా అన్నం కావాలంటే వండటం. ఉండేది లాలాపేట్‌లో ఒంటిగది. మొగుడు పోయి ఇరవై రెండేళ్ళు. పిల్లలు కలగలేదు. చెల్లెలు బుచ్చవ్వ వారాసిగూడలోనే ఉంది, కాని పదకొండేళ్ళ కింద ఒక పెళ్ళిలో భోజనాల బంతి దగ్గర మాటామాటా వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. తప్పు ఎవరిదో తేలలేదని బుచ్చవ్వ అంటుంది. కాశమ్మను అడిగితే ఆ రోజే తేలింది, బుచ్చవ్వదే.

తప్పు నాదే అన్న మాట కాశమ్మ అరవై ఆరేళ్ళలో ఎవరి ముందూ అనలేదు. అనాల్సిన పని పడలేదని ఆమె నమ్మకం.

భూపాల్‌ది లాలాపేట్‌లో పంక్చర్ల దుకాణం. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాయి, పెళ్ళి చేసుకోలేదు. డిపార్ట్‌మెంటులో పాఠాలు చెప్పే నరేందర్ సార్ స్కూటర్ ఎప్పుడూ మొరాయిస్తూ ఉంటుంది కాబట్టి దాని వెంట క్యాంపస్‌కు రావడం అలవాటైంది. వచ్చినప్పుడల్లా వంటగది గడప మీద కూర్చుని అన్నం డబ్బా విప్పేవాడు.

"అవ్వా, ఇది చాయా, గ్లాసులు కడిగిన నీళ్ళా?"

"కడిగిన నీళ్ళే. నీ మొఖానికి అవే ఎక్కువ. తాగు."

తాగేవాడు. ఇంకో గ్లాసు అడిగేవాడు. కాశమ్మ రోజంతా మాట్లాడే మాటల్లో సగం ఆ గడప దగ్గర ఖర్చయ్యేవి. మిగతా సగం చీపురుతో, గిన్నెలతో.

ఆ యేడు నిరోష చదువు చివరికొచ్చింది. నిరోష మల్కాజ్‌గిరి నుంచి రోజూ బస్సెక్కి వచ్చే పిల్ల, నరేందర్ సార్ దగ్గర పరిశోధన చేస్తుంది. నాలుగేళ్ళు కాయితాలు తిరిగి తిరిగి, అనుమతులన్నీ వచ్చాక, పన్నెండు మంది రోగం లేని మగవాళ్ళను పోగు చేసింది. మూత్రంలో మంటకు డాక్టర్లు రాసే పాత గోలీ ఒకటి ఉంది. రెండు కంపెనీలు చేస్తాయి. రెండూ ఒంట్లోకి ఒకే తీరుగా ఎక్కుతున్నాయా, ఒకే తీరుగా దిగిపోతున్నాయా అని చూడాలి. ఒకసారి ఒక కంపెనీది మింగించి, రెండు వారాలు ఆగి, రెండోది మింగించాలి.

"రోగమొచ్చినోనికి మందిస్తరు గని, రాయి లెక్క ఉన్నోనికి ఇచ్చుడేంది బిడ్డా?" అంది కాశమ్మ.

"రోగమున్నోని ఒంట్ల మందు చేసే పనేదో, రోగం చేసే పనేదో తెల్వదమ్మా. మంచిగున్నోని ఒంట్లనైతే మందు నడక ఒక్కటే కనబడతది."

రక్తం తీసి, మూత్రం పట్టి, గుండె చప్పుడు చూసి, భూపాల్‌ను ఏడో నంబరుగా తీసుకున్నారు.

"నా ఒంట్ల ఒక్క రోగం లేదంట అవ్వా. డాక్టర్ రాసిచ్చిండు."

"నోటి రోగం రాయలేదా?"

"అది నీ దగ్గర అంటుకున్నదే. లెక్కల పట్టలే."

సోమవారం పొద్దున గోలీ. ఆదివారం సాయంత్రమే పన్నెండు మందినీ పిలిచి, అందరికీ ఒకే కొలత అన్నం, పప్పు పెట్టించి, పై గదిలో వరసగా వేసిన మంచాల మీద పడుకోబెట్టారు. కాశమ్మకు నిరోష రెండుసార్లు చెప్పింది: గోలీ మింగినాక నాలుగు గంటలు గడిచేదాకా ఎవరికీ తినడానికి ఏమీ ఇవ్వొద్దు, చాయ్ ఇవ్వొద్దు. కాశమ్మ తలూపింది. ఒకసారి చెబితే చాలు, ఆమె చెవులు బాగానే పనిచేస్తాయి.

పొద్దున ఏడున్నర దాటాక భూపాల్ మెట్లు దిగి వచ్చాడు. చేతికి సూది పెట్టి ప్లాస్టర్ వేశారు. అప్పటికే ఒకసారి రక్తం తీశారు. బాత్రూం వైపు పోతున్నవాడు వంటగది గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏమైందిరా?"

"ఏం లే అవ్వా. కండ్లు తిరుగుతున్నయ్ జెర."

రాత్రి నుంచి కడుపు మాడింది, ఆపైన రక్తం పోయింది. ఎవరికైనా తిరుగుతాయి. అన్నం పెట్టకూడదు, చాయ్ పోయకూడదు. అవి కాశమ్మకు గుర్తున్నాయి. కాని ఆమె చిన్నప్పటి నుంచి శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. ఒక పూటే అన్నం, మళ్ళీ తెల్లారేదాకా మెతుకు ముట్టదు. నీరసమొస్తే మజ్జిగ తాగుతుంది. ఆమె తల్లి అంతే, మేనత్తలూ అంతే. మజ్జిగతో ఒక్కపొద్దు చెడదు. మజ్జిగ తిండి కాదు. భూపాల్ కూడా అటువంటి ఇంట్లో పుట్టినవాడే. పెద్ద గ్లాసుతో ఉప్పేసి ఇస్తే గటగటా తాగి, మూతి తుడుచుకుని, నిలదొక్కుకుని పైకి పోయాడు. ఎనిమిదింటికి గోలీ మింగాడు. నోట్లో టార్చి కొట్టి, నాలుక ఎత్తించి చూశారు. పది నిమిషాలకు మళ్ళీ బాత్రూంకు పోయి వచ్చాడు.

ఆ రోజంతా అరగంటకోసారి, గంటకోసారి రక్తం తీశారు. మూత్రం సీసాల్లో పట్టారు. నంబర్లు చూసి ఆ సీసాలు పెట్టెలో సర్దింది కాశమ్మే. ఒక్కటి తారుమారు కాలేదు. ఆ సంగతి ఆమె నిరోషకు రెండుసార్లు చెప్పింది.

మరుసటి వారం మంగళవారం నాడు భూపాల్‌ను సార్ గదిలోకి పిలిచారు. కాశమ్మ అప్పుడు లోపల చాయ్ పోస్తోంది. బల్ల మీద కాయితం పరిచి ఉంది. దాని మీద ఒక్కొక్కరి రక్తంలో మందు లెక్క చూపే పన్నెండు గీతలు. పదకొండు గీతలు నిట్టనిలువుగా గుట్ట ఎక్కి మెల్లగా దిగుతున్నాయి. ఒకటి మాత్రం సగం దాకా ఎక్కి, చేతగానట్టు అక్కడి నుంచే దిగిపోయింది.

"ఇది నీదే. గోలీ ఏం చేసినవ్?" అన్నాడు నరేందర్ సార్.

"మింగిన సార్. టార్చి కొట్టి చూసిన్రు గద."

"మింగిన పది నిమిషాలకే బాత్రూంకు పోయినవ్. రాసున్నది గీడ. పోయి కక్కినవా?"

"ఎందుకు కక్కుత సార్?"

"ఏమన్న తిన్నవా ముందుగాల?"

"ఏం తినలే. ఒట్టు."

అది అబద్ధం కాదు. వాడికి తెలిసినంతలో నిజమే చెప్పాడు.

"ఈ పిల్ల నాలుగేండ్ల కష్టం భూపాల్. సోమవారం నాడు నువ్వు రావొద్దు. ఆ తర్వాత గూడ ఇటు దిక్కు రావొద్దు. స్కూటర్ వేరేటోనికి ఇస్త."

భూపాల్ లేచి నిలబడి, కుర్చీని మళ్ళీ ఉన్న చోటికి జరిపి, బయటికి నడిచాడు.

కాశమ్మకు ఒళ్ళు మండిపోయింది. వరండాలో నిరోషను పట్టుకుంది. "కక్కితే మొత్తం పోవాలె గద. సగమెట్ల ఉంటది?"

"నాగ్గూడ అదే సమజైతలేదమ్మా. పాలో పెరుగో తాగిన మనిషి లెక్క వచ్చింది. ఈ మందు పాలల్ల ఉండే కాల్షియంకు, సున్నమనుకో, దానికి అతుక్కుంటది. అతుక్కున్నది పేగు దాటి రక్తంల కలువదు, అట్లనే కిందికి పోతది. అందుకే ఆ దినం పాల చుక్క లేకుంట చూసుకున్న. చాయ్ గూడ బంద్ పెట్టిన."

కాశమ్మ కెటిల్ పట్టుకుని నిలబడింది. పెరుగంటే మజ్జిగ కూడానా అని అడగవచ్చు. తెలిసినదాన్ని అడగడం దేనికి? గ్లాసులు ఏరుకుని వంటగదిలోకి పోయింది. కడిగినవే మళ్ళీ కడిగింది.

చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. వంటగది పోతుంది. వంటగది పోతే తార్నాకలో బస్సు దిగి ఇంత దూరం నడిచి రావడానికి అర్థం లేదు. చెప్పకపోతే భూపాల్ రాడు. అంతకంటే ముందు, చెప్పాలంటే ఆ మాట అనాలి. ఆమె నాలుకకు అలవాటు లేని మాట.

బుధవారం గడప మీద ఎవరూ కూర్చోలేదు. గురువారం సాయంత్రం ఇంటికి పోతూ కాశమ్మ దుకాణం దగ్గర ఆగింది. భూపాల్ తొట్టి నీళ్ళలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు.

"కూసో అవ్వా. గోలీ ఉమ్మినోని దుకాన్ల కూసుంటే నీకు గూడ పేరొస్తది మరి."

"ఎవడన్నడు?"

"క్యాంపస్ పోరగాండ్లు. గాలి కొట్టించుకునుడు, నవ్వుకుంట పోవుడు." ట్యూబు పక్కన పెట్టాడు. "నేను మింగిన అవ్వా. నువ్వన్న నమ్ముతవా?"

"నమ్ముత."

"చాలు తియ్. ఒక్కరన్న నమ్మాలె."

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచింది కూడా. రోడ్డు మీద ఎవరో బండి నెట్టుకుంటూ వచ్చారు, భూపాల్ లేచాడు. కాశమ్మ కూడా లేచింది. ఆ బండివాడే అడ్డమొచ్చాడని ఇల్లు చేరేదాకా తనకు తాను చెప్పుకుంది. మూడు గల్లీలు దాటేసరికి ఆ మాట అరిగిపోయింది.

శనివారం నిరోష ఒక కాయితం తెచ్చింది. సోమవారం రెండో గోలీ. ఈలోపల ఏడో నంబరును ఎందుకు తీసేశారో ఫైల్లో ఉండాలట.

"నీ సంతకం గూడ కావాలెనమ్మా. చదువుత విను. 'ఆ రోజు మధ్యాహ్నం వరకు వంటగది నుంచి ఎవరికీ తినడానికి గాని, తాగడానికి గాని ఏదీ ఇవ్వలేదు.' గంతే. నీ మీద నాకు నమ్మకమే, పైవాళ్ళకు కాయితం ఉండాలె గద."

కాశమ్మ పెన్ను తీసుకుంది. ఆమెకు వచ్చిన చదువంతా తన పేరే. మూడు అక్షరాలు. మెస్సులో జీతం రోజు తప్ప వాటితో పని పడేది కాదు. అబద్ధం కింద వాటిని ఎప్పుడూ పెట్టలేదు.

"ఇది తప్పు రాసినవ్ బిడ్డా," అంది.

"ఏది?"

"మజ్జిగ ఇచ్చిన. గోలీకి ముందల. వానికి కండ్లు తిరిగినయ్. మజ్జిగ తిండి కాదనుకున్న. వాడు గూడ గట్లనే అనుకున్నడు." పెన్నుకు మూత పెట్టింది. "వానిది తప్పు లేదు. నాది."

నిరోష ఆ కాయితాన్ని రెండుగా మడిచింది. తిడితే బాగుండేదని కాశమ్మకు అనిపించింది. తిట్టినవాళ్ళకు జవాబు చెప్పడం ఆమెకు వచ్చు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, కొత్త కాయితం తీసి మళ్ళీ రాసి, చదివి వినిపించింది. 'ఇచ్చినది: మజ్జిగ, ఒక గ్లాసు. ఇచ్చినవారు: కాశమ్మ.'

"పెద్ద గ్లాసు," అంది కాశమ్మ. "పెద్దది అని రాయి."

రాశాక సంతకం పెట్టింది.

సార్ భూపాల్‌ను పిలిపించాడు. మజ్జిగ తాగావా అంటే తాగానన్నాడు, వాన పడిందా అంటే పడిందని చెప్పినంత మామూలుగా. సార్ లేచి భుజం మీద చెయ్యి వేసి, "ఏమనుకోకు" అన్నాడు. ఏడో గీత పనికిరాదు, రెండో గోలీకి భూపాల్ అక్కరలేదు, కాని పేరు మీద మచ్చ లేదని ఫైల్లోకి ఎక్కింది. స్కూటర్ మళ్ళీ అతని దగ్గరికే పోతుంది. కాశమ్మతో సార్ గట్టిగా ఏమీ అనలేదు. "సోమవారం నుంచి అన్నం బయటికెల్లి వస్తది. నువ్వు వెనుక స్టోర్ రూం చూసుకో," అన్నాడు.

కాశమ్మ కిందికి దిగేసరికి భూపాల్ స్కూటర్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"నీకెప్పుడు తెలిసింది అవ్వా?"

"మంగళారం."

"మొన్న బేస్తారం నాడు నా దుకాన్ల కూసున్నవ్."

"కూసున్న."

"నమ్ముత అంటివి."

కాశమ్మ దగ్గర ఏ మనిషికైనా సరిపోయే జవాబు ఉంటుంది. అవన్నీ వెతికింది. "తప్పు నాదే భూపాల్," అంది.

"సరే అవ్వా."

ఎగతాళి చేస్తాడనుకుంది. కసురుకుంటాడనుకుంది. అతను సార్ స్కూటర్‌ను కిక్కు కొట్టి, రెండోసారికి స్టార్టయ్యాక, మెల్లగా నడుపుకుంటూ గేటు వైపు వెళ్ళిపోయాడు. 'సరే' అని ఆమెతో ఎవరూ అంత నెమ్మదిగా అనలేదు.

సోమవారం కాశమ్మ మామూలు వేళకే వచ్చింది. స్టోర్ రూం కట్టడానికి వెనకపక్క ఉంది. పాత గాజు సీసాలు, కాళ్ళు విరిగిన కుర్చీలు, ఏ యేటివో తెలియని ఫైళ్ళు. ఊడ్చింది, తుడిచింది, సీసాలన్నీ సైజు ప్రకారం పేర్చింది. పదకొండు కాకముందే పని అయిపోయింది. పై గదిలో పదకొండు మంది గోలీ మింగి మంచాల మీద ఉండి ఉంటారు. అక్కడి మాటలు ఇక్కడికి వినపడవు. విరగని కుర్చీ ఒకటి గుమ్మం దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఎవరైనా చెప్పుల కాళ్ళతో లోపలికి వస్తే తిట్టడానికి నోరు సిద్ధంగా పెట్టుకుంది. ఎవరూ రాలేదు.