గోతాల పరదా

నాకు ఎవరి మీదా నమ్మకం ఉండదు. పాలవాడి కొలత మీద, ఆఖరికి మా గోడ గడియారం మీద కూడా. అందుకే, పెళ్లి ఊరేగింపులకు తిప్పే మా ఆడగుర్రం దగ్గడం మొదలుపెట్టినప్పుడు నా చూపు ముందు ఎదురింటి మీదకే పోయింది.

పర్చూరు దగ్గర మా ఊళ్లో ఎదురింటివాడు మిర్చి రైతు, నా ఈడువాడే. రోజూ పొద్దున్నే టీ తాగి వచ్చి, గుర్రానికి అరచేతిలో బెల్లం ముక్క పెట్టేవాడు. దాని దగ్గు ముదిరింది. మేత మానేసి, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. బెల్లంలో ఏదో కలిపాడనుకున్నాను. నా గుర్రానికి గిరాకీ పెరిగిందని వాడికి కళ్లు కుట్టాయని కూడా తేల్చేసుకున్నాను.

"నీ బెల్లం నా గుర్రానికి వద్దు. ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు" అన్నాను, వీధిలో నలుగురూ వింటుండగానే.

"ఒరేయ్, నోరులేని జీవాన్ని నేనేం చేస్తానురా?" అన్నాడు. ముక్క జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడే అలా గొడవపడకుండా పోతాడనుకున్నాను.

గుంటూరు నుంచి పశువుల డాక్టరమ్మ వచ్చింది. ఆవిడనీ నమ్మలేదు. కొంచెం మత్తు సూది వేసి, కొసన కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని ముక్కులోంచి లోపలికి పంపుతుంటే, అసలే బలహీనంగా ఉన్నదాన్ని ఈవిడ చంపేస్తుందా అనుకున్నాను. ఆవిడ చిన్న తెర నా వైపు తిప్పింది. ఊపిరి గొట్టం లోపలంతా ఎర్రగా వాచి, జిగటగా ఉంది.

"విషమా అండీ?" అన్నాను ఆశగా.

"కాదండి. ఏదో ఘాటు పీలుస్తోంది" అంటూ కొట్టం చుట్టూ తిరిగింది. చలిగాలి తగలకుండా నేను కట్టిన గోతాల పరదా పైకెత్తి వాసన చూసింది. వెంటనే వరసగా నాలుగు తుమ్ములు తుమ్మింది. అవి మిర్చి గోతాలు. గాలి వీచినప్పుడల్లా వాటిలోని కారం దుమ్మంతా గుర్రం ముక్కులోకే పోతోంది.

ఆ గోతాలిచ్చింది ఎవరు? ఎదురింటివాడే! నా బుర్ర మళ్లీ అక్కడికే పరిగెత్తింది. కానీ అడిగి తెచ్చుకున్నది నేను. "ఉతికి ఆరేసి కట్టరా, ఊరికే దులిపితే ఘాటు చావదు" అని వాడు రెండుసార్లు చెప్పాడు. ఇచ్చినవాడు ఊరుకోక నాకెందుకు చాకిరీ చెబుతున్నాడని అప్పుడూ అనుమానపడి, ఊరికే దులిపి కట్టేశాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగను నేనే.

గోతాలు పీకేశాను. గుర్రం మూతికి తగిలించే పెద్ద మాస్కు ఒకటి ఇచ్చి, దాంట్లోంచి మందు ఆవిరిలా ఎలా పట్టాలో డాక్టరమ్మ నేర్పింది. కొన్నాళ్లకు దగ్గు తగ్గి మేత ముట్టింది. ఆ రోజు దాని మెడ పట్టుకుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే ఎదురింటికి వెళ్లి, తప్పయిపోయిందన్నాను. వాడు లోపలికి వెళ్లి బెల్లం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నువ్వే పెట్టుకోరా. రేపు మళ్లీ దగ్గితే నా చేత్తో పెట్టలేదని నీకు తెలియాలిగా."

తెచ్చి పెట్టాను. గుర్రం నా అరచెయ్యి వాసన చూసింది. బెల్లం ముట్టకుండా ఎదురింటి గుమ్మం వైపే చూస్తూ నిలబడింది.