మాస్టారు ఆగిన నలభై సెకన్లు

ఆరేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. నేను రాసిందే. నాలుగే మాటలు. అది చదివి చాలామంది నవ్వారు, నన్ను మెచ్చుకున్నారు, ఇప్పటికీ మెచ్చుకుంటున్నారు. అది అబద్ధమని నా ఒక్కదానికే తెలుసు. ఇది చదివాక మీకూ తెలుస్తుంది. ఆ తర్వాత నా గురించి మీరేమనుకున్నా నేను చెయ్యగలిగింది ఏమీ లేదు.

పేరు చెప్పను. సిగ్గు. ఆటోనగర్‌లో మాకు లారీల విడిభాగాల షాపు ఉంది. ఒకప్పుడు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. మా అత్తగారు మంచాన పడ్డాక మానేశాను. ఆవిడ పోయాక నన్ను మళ్లీ ఎవరూ పిలవలేదు, నేనూ వెళ్లి అడగలేదు. మా ఆయనకు తోడుగా షాపులో కూర్చోవడం మొదలుపెట్టాను. బేరింగుల కోసం వచ్చేవాళ్లకు నేను షాపు ఆవిడని. కానీ టీచర్లు చదివే ఒక మాసపత్రికలో 'చెవికి చదువు' అనే శీర్షిక రాస్తాను. చదువుకు సంబంధించిన పాడ్‌కాస్టులు విని, ఏది వినొచ్చో ఏది వినక్కర్లేదో చెబుతాను. అక్కడ నేను మేడమ్‌ని. ఆ శీర్షిక తప్ప నాదంటూ ఇంకేదీ లేదనిపించేది. ఇది సాకు కాదు. ఏమో, సాకేనేమో.

పక్క షెడ్డులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా రేకు మీద సుత్తి దెబ్బలు. ఇయర్‌ఫోన్స్ చెవుల్లో కూరుకుని, కౌంటర్ వెనక కూర్చుని వినేదాన్ని. నెలకు రెండు సమీక్షలు. ఒక్కో పాడ్‌కాస్టులో ఇరవై, ముప్ఫై భాగాలు. మొదట్లో అన్నీ విన్నాను, ఈ ఒక్క మాట నమ్మండి. తర్వాత వేగం పెంచాను, ఒకటిన్నర రెట్లు. ఆ తర్వాత ఒక అర్థశాస్త్రం ప్రొఫెసర్ గారు తగిలారు. ఆయన మాటకీ మాటకీ మధ్య వెళ్లి టీ తాగి రావచ్చు. విసుగెత్తి సెట్టింగుల్లో వెతికితే ఒక ఆప్షన్ కనపడింది. అది ఆన్ చేస్తే, మాటల మధ్య ఖాళీ ఎక్కడున్నా యాప్ తనే తీసేస్తుంది. ఆన్ చేశాను. ప్రొఫెసర్ గారు చురుగ్గా మాట్లాడటం మొదలుపెట్టారు. ప్రాణానికి హాయిగా అనిపించింది. తర్వాత దాని సంగతే మర్చిపోయాను.

నిజంగానే మర్చిపోయాను. అంతవరకూ నాది మతిమరుపు. మతిమరుపుకి ఎవరూ ఇలా కూర్చుని కాగితాలు నింపరు.

దేవదానం మాస్టారి గురించి చెప్పాలి. ఇది ఆయన అసలు పేరు కాదు. చల్లపల్లి వైపు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. 'చేసి చూద్దాం' అని పాడ్‌కాస్టు చేసేవారు. ఇంట్లో దొరికే గిన్నెలూ చెంచాలూ దారాలతో ప్రయోగాలు. ఉయ్యూరు దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్ ఉంది. అక్కడి వార్డెన్ ఆయనకు చర్చిలో పరిచయం. మా పిల్లలకు ప్రయోగాలు చేసే వీలు లేదు మాస్టారూ అని ఆవిడ అంటే, ఈయన వాళ్ల కోసం రికార్డు చెయ్యడం మొదలుపెట్టారు. సాయంత్రం ఐదింటికి వరండాలో స్పీకర్ పెడితే, పిల్లలు గ్లాసులు ముందు పెట్టుకుని కూర్చునేవారట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. సమీక్ష రాసేటప్పటికి నాకు తెలిసింది ఒక గొంతు మాత్రమే.

మొదట విన్నది మూడు గిన్నెల పాఠం. ఒకదాంట్లో గోరువెచ్చని నీళ్లు, ఒకదాంట్లో కుండలోని చల్లటి నీళ్లు, మధ్య గిన్నెలో మామూలు నీళ్లు. కుడి చెయ్యి వెచ్చని నీళ్లలో, ఎడమ చెయ్యి చల్లటి నీళ్లలో కాసేపు ఉంచి, తర్వాత రెండు చేతులూ మధ్య గిన్నెలో పెట్టమన్నారు. "ఏమనిపిస్తోందో మీరే చూడండి. తొందరేం లేదు. నేను ఆగుతాను," అన్నారు. ఆ మాట అన్న మరుక్షణం, ఊపిరైనా పీల్చుకోకుండా, "చూశారా, అవే నీళ్లు ఒక చేతికి చల్లగా, ఇంకో చేతికి వెచ్చగా!" అనేశారు. నాకు నవ్వొచ్చింది. తర్వాతి రెండు పాఠాల్లోనూ ఇదే వరస. నేను ఆగుతాను, చూశారా. నేను ఆగుతాను, చూశారా. మొత్తం ముప్ఫైకి పైగా ఉన్నాయి. మూడు విన్నాను, చాలనుకున్నాను.

పిల్లలకు ఆలోచించే వ్యవధి ఇవ్వకుండా జవాబు నోట్లో కుక్కే పంతుళ్ల గురించి పేజీ నిండా రాశాను. చివర ఈ వాక్యం పెట్టాను: "ఆగుతాను అంటారు గానీ ఆగరు." సంపాదకులకు అది ఎంత నచ్చిందంటే, పేజీ పైన పెద్ద అక్షరాలతో హెడ్డింగుగా వేశారు. ఆ నెల నాకొచ్చినన్ని ఫోన్లు ఎప్పుడూ రాలేదు. టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో పేజీ ఫొటో తిరిగింది. మా హెడ్మాస్టరూ అంతే మేడమ్, మా ఆయనా అంతే మేడమ్ అంటూ నవ్వులు. నా కాళ్లు నేల మీద ఆనలేదు.

రెండు వారాలకు ఆయన వచ్చారు.

ఎండ వేళ. తెల్ల చొక్కా, చేతిలో గుడ్డసంచి. పత్రికవాళ్ల దగ్గర వివరం కనుక్కుని, చల్లపల్లి నుంచి బస్సులో వచ్చి, ఆటోనగర్‌లో షాపు షాపూ అడుగుతూ మా దగ్గరికి చేరారు.

"అమ్మా, 'చెవికి చదువు' రాసేది మీరేనాండీ? నేను దేవదానాన్నండీ. 'చేసి చూద్దాం'."

పోట్లాటకు వచ్చారనుకున్నాను. నాలుగు మాటలు సిద్ధం కూడా చేసుకున్నాను. స్టూలు చూపించి కూర్చోమన్నాను. ఆయన పోట్లాడలేదు. పోట్లాడి ఉంటే బాగుండేది.

"మీరు రాసింది నాలుగుసార్లు చదువుకున్నానండి. నా తప్పెక్కడుందో తెలుసుకుని దిద్దుకుందామని వచ్చాను. నేను ఆగాననే అనుకుంటున్నానండీ. నలభై సెకన్లు. గోడ గడియారం చూసుకుని మరీ ఆగాను. ఓసారి వినిపించనాండీ?"

ఫోను తీసి కౌంటర్ మీద ఇద్దరికీ మధ్యలో పెట్టారు. అదే మూడు గిన్నెల పాఠం. "తొందరేం లేదు. నేను ఆగుతాను," అంది ఫోను. ఆ తర్వాత ఏమీ లేదు.

ఫోను పాడైందనుకున్నాను మొదట. తెర మీద చూస్తే సెకన్లు కదులుతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, నా ఫోన్లో నేను ఆన్ చేసి మర్చిపోయిన ఆ ఆప్షన్. ఆయన నా మొహం వైపు చూడటం లేదు. చేతి గడియారం వైపు చూసుకుంటున్నారు, పరీక్ష హాల్లో మాస్టర్లు చూసుకున్నట్టు. పక్క షెడ్డులో సుత్తి మోగుతోంది. ఎవరైనా కస్టమర్ వస్తే బాగుండుననుకున్నాను. ఎవరూ రాలేదు. తప్పు నాది మాస్టారూ, నా ఫోనే మీ ఖాళీలన్నీ తీసేసింది, అనడానికి ఎంతసేపు పడుతుంది? నలభై సెకన్లలో నాలుగుసార్లు చెప్పొచ్చు. కానీ ఆ మాట బయటపడితే సంపాదకులు ఊరుకోరు. మిగతావన్నీ ఎలా విన్నావమ్మా అని అడుగుతారు. ఆ ఏడాది నేను సమీక్షించినవన్నీ అలాగే, తెగిపోయిన మాటలుగా, పరిగెత్తించి విన్నానని చెప్పాల్సి వస్తుంది. ఆ తర్వాత నేను మళ్లీ షాపు ఆవిడని మాత్రమే. ఇవన్నీ ఆలోచించడానికి ఆ మాస్టారు ఇచ్చిన వ్యవధి సరిగ్గా సరిపోయింది.

"చూశారా," అంది ఫోను.

"ఆగాను కదండీ?" అన్నారాయన.

నేనన్నాను. ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను. "మీరు ఆగారు మాస్టారూ. కానీ వినేవాళ్లకు మీరు ఆగినట్టు అనిపించడం లేదు."

ఆయన సంచిలోంచి చిన్న నోటుబుక్కు తీసి ఆ మాట రాసుకున్నారు. "అదన్నమాట. అనిపించాలి కదండీ మరి. ఇన్నేళ్లు పాఠం చెప్పాను, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదమ్మా," అని నమస్కారం పెట్టారు. టీ తెప్పిస్తానంటే వద్దని బస్సుకి వెళ్లిపోయారు.

ఆయన గుమ్మం దాటగానే ఆ ఆప్షన్ ఆఫ్ చేశాను. ఆ వారమంతా ఆయన పాఠాలు మామూలు వేగంతో, మొదటి నుంచి చివరి దాకా విన్నాను. ఆ ఖాళీల్లో కాకి అరిచేది. కుక్కర్ కూత వేసేది. ఎవరో ఆడమనిషి దూరంగా దగ్గేది. ఆయన ఊపిరి వినపడేది. ఎక్కడో ఉన్న పిల్లలు చేతులు నీళ్లలో పెట్టుకుని ఉంటారని, వాళ్ల కోసం ఆ మనిషి నోరు మూసుకుని గడియారం ముందు కూర్చున్నాడు. అంత మంచి పాఠాలు నేను మళ్లీ వినలేదు. ఈ మాట అప్పుడు రాయాల్సింది.

తర్వాత కొత్త పాఠాలు వచ్చాయి. వాటిలో ఆయన ఆగినట్టు అనిపించేలా చేశారు. "నేను ఆగుతాను," అని, "ఒకటి, రెండు, మూడు..." అంటూ నలభై దాకా పైకి లెక్కపెట్టారు. నా మాట విన్నారన్నమాట. మూడో నాలుగో పాఠంలో ఆయనే చెప్పారు, పిల్లలు తనతో కలిసి లెక్కపెడుతున్నారు గానీ గ్లాసు వైపు చూడటం లేదని వార్డెన్ అంటున్నారు, ఏం చెయ్యాలో తోచడం లేదని. ఈలోగా నా పేజీ ఆ హాస్టల్ దాకా కూడా చేరింది. సాయంత్రం స్పీకర్ ఆగిపోయింది. ఆఖరి పాఠం రెండు నిమిషాలు. "నాకు ఆగడం చేతకాలేదు పిల్లలూ. బాగా చెప్పేవాళ్ల దగ్గర నేర్చుకోండి." మర్నాటికి మొత్తం తీసేశారు. నేను దాచుకోలేదు. దాచుకోవాలని తోచేసరికి ఏవీ లేవు.

సవరణ రాయడానికి ఎన్నిసార్లు కూర్చున్నానో. రెండు వాక్యాలు చాలు. ప్రతి నెలా వచ్చే నెలకు వాయిదా వేశాను. ఏడాది దాటాక, ఇంత ఆలస్యంగా ఎందుకులే అనుకున్నాను. రెండేళ్లు దాటాక, ఆయనే మర్చిపోయి ఉంటారులే అనుకున్నాను. అలా ఎవరైనా మర్చిపోతారా? నేను మర్చిపోయానా?

పోయిన నెల బెజవాడలో టీచర్ల సభ ఒకటి జరిగింది. నాకు శాలువా కప్పారు. పరిచయం చేసినాయన మైకులో ఆ వాక్యమే చదివారు. "ఆగుతాను అంటారు గానీ ఆగరు! ఒక్క ముక్కలో తేల్చేశారండీ మేడమ్!" హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. అది కూడా మీకు చెప్పాలి. నవ్వాను.

మర్నాడు ఆయన నంబరు వెతికి ఫోన్ చేశాను. వాళ్లావిడ ఎత్తారు. 'చెవికి చదువు' రాసేదాన్నని చెప్పాను. పోయిన వర్షాకాలంలో మాస్టారికి పక్షవాతం వచ్చిందట. మాట పడిపోయిందట. "వినడం బాగానే వింటారండీ, అన్నీ తెలుస్తాయి. మాటే రాదు," అన్నారావిడ. పాత రికార్డింగులు ఏమైనా ఉన్నాయా అని అడిగాను. ఆ ఫోను ఎప్పుడో పోయిందన్నారు. ఆ తర్వాత ఇంకో మాట అన్నారు. "ఆ మేడమ్ ఎండలో వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి ఓపిగ్గా తప్పు చెప్పింది అని ఎన్నిసార్లు అన్నారోనండీ. మీ పత్రిక ఇప్పటికీ తెప్పించుకుంటాం. పొద్దున ప్రార్థన అయ్యాక నేనే చదివి వినిపిస్తాను. ముందు మీ పేజీ తియ్యమని వేలు పెట్టి చూపిస్తారండీ."

ఆవిడ "హలో, ఉన్నారాండీ?" అన్నారు. ఉన్నానండీ అన్నాను. ఫోను పెట్టేశాను.

ఇప్పుడు నేనేం చెయ్యగలను? ఆ పాఠాలు ఎక్కడా లేవు. మళ్లీ చెప్పడానికి ఆయనకు గొంతు లేదు. వరండాలో కూర్చున్న ఆ పిల్లలు పెద్దవాళ్లై ఎక్కడెక్కడ ఉన్నారో నాకు తెలియదు. క్షమించమని అడిగితే, క్షమించాననీ అనలేరు, క్షమించననీ అనలేరు. అన్నీ ఆయన వినాల్సిందే. వినడం చేతకానిదాన్ని నేను. ఆయనకు ఇప్పుడు మిగిలింది అదొక్కటే.

అందుకే ఇది అదే పత్రికకు, అదే పేజీకి పంపుతున్నాను. కవరు మీద నా పేరుంటుంది, లోపల ఉండదు. ఆ వాక్యం గుర్తున్నవాళ్లకు పేరుతో పని లేదు. వచ్చే నెల నుంచి ఆ పేజీ వేరెవరైనా రాస్తారు. ఇది రాసినందుకు నాకు దక్కేదేమీ లేదని తెలుసు.

మాస్టారూ, మీరు ఆగారు. పూర్తిగా నలభై సెకన్లు ఆగారు. నేను వినలేదు. తర్వాత విని కూడా, మీ ఎదురుగా కూర్చుని అబద్ధం చెప్పాను.

అమ్మా, ఇది చదివి వినిపిస్తున్నది మీరే అయితే, ఇక్కడ కాసేపు ఆగండి.